అడగకుండా వదిలేసిన తొమ్మిదో ప్రశ్న



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా గణాంకశాస్త్రం బోధించారు. ఎవరైనా ఒక శాతం చెబితే చాలు, "ఎవర్ని అడిగారు నాయనా, ఎప్పుడు అడిగారు?" అనేవారు. కరోనా కాలంలో తల్లిదండ్రుల మనసుల మీద జరిగిన పరిశోధనల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ మాటే.

2020 జూన్‌లో అమెరికాలో 1,011 మంది తల్లిదండ్రులను ఒక సర్వేలో అడిగారు. మార్చి నుంచి తమ మానసిక స్థితి దిగజారిందని 27 శాతం మంది చెప్పారు. పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఈ అంకెను ఆ తరవాత ఎందరో ఉదహరించారు. ఆ సర్వే విలువ నేను తగ్గించను. కాకపోతే అది వెనక్కి తిరిగి చూసుకుని చెప్పిన జవాబు. కష్టం నడిమధ్యలో ఉన్న మనిషిని "అంతకుముందు ఎలా ఉన్నారు?" అని అడిగితే, గడిచిన రోజులు ఉన్నదానికన్నా బాగున్నట్టే కనిపిస్తాయి.

కెనడాలోని కాల్గరీలో పరిస్థితి వేరు. అక్కడ చాలా ఏళ్ళుగా ఒకే తల్లులను గర్భం నుంచీ అనుసరిస్తూ వస్తున్న అధ్యయనం ఒకటుంది. బిడ్డకు మూడేళ్ళప్పుడు, అయిదేళ్ళప్పుడు, ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళ దిగులునూ ఆందోళననూ కొలిచి పెట్టుకున్నారు. 2020 మే నుంచి జులై దాకా మళ్ళీ ఆ తల్లులనే, సుమారు 1,300 మందిని, అడిగారు. డిప్రెషన్ లక్షణాలు 35 శాతం మందిలో, ఆందోళన లక్షణాలు 31 శాతం మందిలో కనిపించాయి. మునుపటి మూడు కొలతల్లో ఏ ఒక్కటీ ఇంత లేదు. ఆదాయం దెబ్బతిన్నవాళ్ళూ, ఉద్యోగమూ ఇంట్లో పిల్లల చదువూ ఒకేసారి మోయాల్సివచ్చినవాళ్ళూ ఎక్కువ నలిగారు. ఇంత ధీమాగా చెప్పగలిగారంటే కారణం ఒక్కటే. విపత్తు రాకముందే అడగడం మొదలుపెట్టారు. వాన మొదలయ్యాక కుండ పెట్టినవాడికి మొదటి జల్లు లెక్క ఎప్పటికీ తెలియదు.

బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2020 మార్చి చివర్లోనే ఒక సర్వే ప్రారంభించి, 4 నుంచి 16 ఏళ్ళ పిల్లలున్న ఇళ్ళను నెలనెలా పలకరించారు. బడులు మూసినప్పుడు తల్లిదండ్రుల ఒత్తిడి పెరిగింది, తెరిచాక తగ్గింది. బడి అంటే చదువొక్కటే కాదని, తల్లికి ఊపిరి తీసుకునే వేళ కూడా అని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే జవాబిచ్చినవాళ్ళలో అత్యధికులు తల్లులే, తండ్రుల సంగతి ఇది అంతగా చెప్పదు.

ఇక మన దగ్గరికి వద్దాం. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ పిల్లలను అనుసరిస్తోంది. ఇక్కడ సుమారు 3,000 మంది. హైదరాబాదులోని సెస్ పరిశోధన సంస్థ, తిరుపతిలోని పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఈ పనిలో భాగస్వాములు. 1994-95లో పుట్టిన, వయసులో పెద్దవాళ్ళ బృందంలో చాలామంది ఆడపిల్లలు కరోనా నాటికి తామే తల్లులు. ఇళ్ళకు వెళ్ళే వీల్లేక 2020లో మూడు విడతలుగా ఫోన్లు చేశారు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సాగిన రెండో విడతలో కనీసం స్వల్పస్థాయి ఆందోళన లక్షణాలున్నవారు పెరూలో 41 శాతం, ఇథియోపియాలో 18, భారతదేశంలో 11, వియత్నాంలో 9. ఇవి తల్లిదండ్రుల అంకెలు కావు, పిల్లలున్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసిన యువతరానివి. అయినా మన రెండు రాష్ట్రాల గురించి నమ్మదగిన సమాచారం ఇంత వరసగా మరోచోట దొరకడం కష్టం.

పదకొండే కదా, మనవాళ్ళు గట్టివాళ్ళు అని సంబరపడేవారికి మాస్టారి ప్రశ్నే నా జవాబు. ఎప్పుడు అడిగారు? 2021 ఏప్రిల్, మే నెలలు అప్పటికింకా రాలేదు. ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఊళ్ళు తిరిగిన ఆ వేసవి ఈ అంకెలో లేదు.

ఎలా అడిగారన్నది ఇంకా పెద్ద సంగతి. ఏ సంస్థ సర్వే అన్నది చెప్పను గానీ, అలా ఫోన్లు చేసిన ఒక అమ్మాయి నా దగ్గర చదువుకుంది. ఆమె చెప్పిన ఒక కాల్ గురించి వినండి. నంబరు భర్తది. ఆయన పొలం నుంచి వచ్చేదాకా ఆగి సాయంత్రం చేస్తే, స్పీకర్ ఆన్ చేసి భార్యకిచ్చాడు. పక్కన అత్తగారు. యాదగిరి ఛానల్లో పాఠం అయిపోయిన పెద్దపిల్ల, హోంవర్కు వాట్సాప్‌లో పంపాలి ఫోనివ్వమని గోల. "గత రెండు వారాల్లో ఏ పనీ చేయబుద్ధి కాకుండా ఎన్ని రోజులు ఉన్నారు?" అని అడిగితే ఆ తల్లి, "పనిజేయకుంటే ఇల్లెట్ల గడుస్తది మేడం?" అంది. ఫారంలో సున్నా పడింది. నిద్ర గురించి అడిగితే, "చంటిదాన్ని పెట్టుకొని నిద్రెక్కడిది" అంది. అక్కడ మూడు పడింది. మొదటి ప్రశ్న ఆమెకు సోమరితనం మీద నింద లాగా వినిపించింది. రెండోదానికి చంటిబిడ్డ ఉన్న ఏ తల్లయినా ఆ జవాబే చెబుతుంది. దిగులు ఆ రెంటిలో ఎక్కడా నమోదు కాలేదు.

ఈ చిక్కు తెలిసినవాళ్ళు లేకపోలేదు. 1987లో బాలింతల దిగులును కొలవడానికి ఎడిన్‌బరో స్కేలు తయారుచేసినవారు, వాళ్ళకు అలసట, ఆకలి లాంటి శరీర లక్షణాల ప్రశ్నలు పనికిరావని వదిలేశారు. నిద్ర గురించి కూడా, మనసు బాగోక నిద్ర పట్టడం లేదా అనే అడిగారు. పది ప్రశ్నల ఆ స్కేలులో చివరిది, మీకు మీరు హాని చేసుకోవాలనిపించిందా అని.

అసలు చెప్పదలచుకున్నది ఇక్కడుంది. ప్రపంచమంతటా ఎక్కువగా వాడే డిప్రెషన్ ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలు. తొమ్మిదోది చావు తలపుల గురించి. ఫోన్ సర్వేల్లో తరచూ ఎనిమిది ప్రశ్నల రూపమే వాడతారు. యంగ్ లైవ్స్ వాడిందీ అదే. తొమ్మిదోది తీసేయడానికి చెప్పే కారణం ఏమిటంటే, అటునుంచి "అవును" అని వస్తే ఫోనులో ఉన్నవాళ్ళు చేయగలిగింది ఏమీ ఉండదని. శాస్త్రపరంగా అది సబబే. సాయం చేయలేని చోట గాయాన్ని కెలకకూడదు. నేనైనా అదే చేసేవాణ్ణి. కానీ ఆ ఖాళీ నన్ను కలవరపెడుతుంది. ప్రశ్నకు లోపమేమీ లేదు. ఆ ప్రశ్న వెనక నిలబడాల్సిన డాక్టరూ నర్సూ లేరు గనుక ప్రశ్ననే తీసేశాం.

తండ్రుల విషయమైతే మరీ అన్యాయం. గల్ఫ్‌లో పని పోయి, గదుల్లో చిక్కుకుని, 2020 మేలో విమానాలు మొదలయ్యేదాకా పంపడానికి రూపాయి లేక జగిత్యాలకూ కోనసీమకూ ఫోన్లు చేసుకున్న నాన్నల గోడు మన పరిశోధనల్లో దాదాపు వినిపించదు. పిల్లల గురించి అడగాలనుకున్నప్పుడల్లా మన పరిశోధకులు తల్లికే ఫోన్ చేస్తారు. ఈ అలవాటు మనం మానాలి.

ఇప్పుడు చేయగలిగింది ఏమిటి? ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వెళ్తుంది. బరువు చూస్తుంది, జ్వరం చూస్తుంది. అదే గుమ్మంలో, అత్తగారు పక్కన లేని రెండు నిమిషాలు చూసి, తల్లినీ మంచి తెలుగులో నాలుగు మాటలు అడిగే ఏర్పాటు కావాలి. వాటిలో ఆ తొమ్మిదో ప్రశ్నా ఉండాలి. ఆశా కార్యకర్త ఇప్పటికే మోయలేనంత పని మోస్తున్న మనిషి. ఇది ఊరికే నెత్తిన పెట్టే పని కాదు, డబ్బిచ్చి, శిక్షణ ఇచ్చి అప్పగించాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడతారు. "అవును" అన్న తల్లికి అక్కడికక్కడే ఆ కాల్ కలపాలి, మర్నాడు పీహెచ్‌సీ నుంచి నర్సు వెళ్ళాలి. తండ్రి ఊళ్ళో ఉంటే ఆయన్నూ అడగాలి, దూరాన ఉంటే ఆయన ఫోను నంబరు కూడా రాసుకోవాలి. ఒక జిల్లాలో రెండేళ్ళు చేసి చూస్తే ఖర్చెంతో, లోటుపాట్లేమిటో తెలుస్తాయి. మళ్ళీ ఏ మహమ్మారి వచ్చినా పోల్చి చూసుకోవడానికి ఆ జిల్లా దగ్గర ముందటి లెక్క ఉంటుంది.