ఎరవిచ్చిన పనిముట్లు

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సంఘము పక్షమున చేసిన ప్రసంగపాఠము)



పిల్లల నాటకమునకు రంగము సిద్ధమగులోపల ఏదేని హాస్యవిషయమును ముచ్చటింపుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరినారు. హాస్యమునకై దూరము పోవనేల? ఇంటికి పనివాడు వచ్చిన దినముకంటె హాస్యమైన దినము గృహస్థుని జీవితమున మరియొకటి లేదు.

చెన్నపట్టణమున కాపురమున్న మనకందరకు తెలిసిన సంగతియే. కుళాయి కారుచున్నదని కబురు పంపుదుము. మూడవనాటికి వచ్చినవాడు చేతులూపుకొనుచు వచ్చును. కుళాయి వంక ఒకసారి చూచి, తల పంకించి, "స్టూల్ ఇరుక్కా?" అనును. స్టూలు తెత్తుము. "పళయ తుణి ఇరుక్కా?" అనును. పాతగుడ్డ తెత్తుము. "కుడిక్క తణ్ణి ఇరుక్కా?" అనును. మంచినీళ్ళు తెత్తుము. కట్టకడపట, అదియేదో స్వల్పవిషయమైనట్లు, "స్పానర్ ఇరుక్కా, సార్?" అనును.

ఆ మాటతో గృహస్థుని ముఖము వికసించును. పదియేండ్ల క్రిందట ఏ వస్తుప్రదర్శనములోనో కొని, నూనెగుడ్డ చుట్టి, బిస్కత్తుల డబ్బాలో దాచిన స్పానర్లకు నేటికి గదా శుభఘడియ వచ్చినది! "ఏ సైజు కావలెను?" అని అడుగుటలో ఆయన చూపు ఠీవి చూడవలసినదే. పని వచ్చినవానికి పనిముట్టు లేదు. పనిముట్టున్నవానికి పని రాదు. ఇద్దరును కలిసి ఒక సంపూర్ణుడైన కుళాయి మేస్త్రి యగుదురు. అయితే కూలి యిచ్చునదియు మనమే, ప్రక్కన నిలిచి ఒక్కొక్కటే అందించు చిల్లరపని చేయునదియు మనమే.

ఆ పనిముట్టు గడప దాటి మేస్త్రివెంట పోయినప్పుడు కథ రెండవ అంకమున ప్రవేశించును. ఇచ్చిపుచ్చుకొను వ్యవహారమునకు తెలుగున మాటలు పెక్కు కలవు. వడ్డీతో తీర్చునది అప్పు. వడ్డీ లేక నాలుగు దినములలో ఇచ్చివేయునది చేబదులు. పుచ్చుకొన్న వస్తువునే మరల తెచ్చి యీయవలసినది ఎరవు. వాడుకలో ఎరువనియు అందురు. ఎరువు సొమ్ము బరువు చేటని సామెత. తమిళులు దీనినే ఇరవల్ అందురు, కన్నడిగులు ఎరవలు అందురు. ఇరుగుపొరుగు భాషలలో ఆ మాట నేటికిని వ్యవహారమున నున్నది. మన పిల్లలకు మాత్రము ఎరువనగా పూలకుండీలో వేయునదియే. "ఎదురింటివారు సుత్తి ఎరువడిగినారు" అని చెప్పి చూడుడు. సుత్తికి ఎరువెందుకని అడుగుదురు. మాట మరుగుపడుటచేతనో యేమో, వస్తువు మరలి వచ్చుటయు అరుదైనది.

ఇక తాపీ సంగతి. గోడకు సిమెంటు పూయు పనిముట్టునకును మనము తాపీ యనియే అందుము, తొందరలేమికిని తాపీ యనియే అందుము. తాపీ తీసికొనిపోయినవాడు తాపీగా తెచ్చునని ముందుగనే హెచ్చరించిన భాష మరియొకటి యుండదు.

ఈ లెక్కలన్నియు మహర్నవమినాటి ఆయుధపూజకు తేలును. పనిముట్లను పీటమీద వరుసగా నుంచి కుంకుమ పెట్టునప్పుడు, ఏది యెవరింట నున్నదో ఒక్కటొక్కటే జ్ఞప్తికి వచ్చును. ఒక యిల్లాలు రంపము లేని చోట ముగ్గుతో రంపము బొమ్మ వేసి, దానికే బొట్టు పెట్టినదని విన్నాము. అదే దినమున అసలు రంపమునకు పొరుగువారి పూజలో బొట్టు పడినదట!

ఇప్పుడు వ్యవహారమును తిరుగవేసి చూతము. మీరు పోయి వడ్రంగి నడుగుడు. నిచ్చెన యిచ్చును, సుత్తి యిచ్చును, ఉలి మాత్రము ఈయడు. మొగమాటపడి నవ్వును గాని యీయడు. అది పిసినితనము కాదు. ఉలి వాదర సామాన్యముగా 25 నుండి 30 డిగ్రీల వాలున నుండవలెను. ఆ వాలు చెడకుండ సానరాయిమీద నూరుట ఏండ్ల తరబడి చేతికి పట్టుబడవలసిన విద్య. మనము దానితో చేయునదేమి? రంగుడబ్బా మూత లేపుదుము. రంపపు పండ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచబడి యుండును. అందుచేతనే కోత రేకు మందముకంటె వెడల్పై, రంపము కొయ్యలో బిగియక నడచును. తెలియనివాని చేతిలో అది కొయ్యలోని మేకుమీద ఒకసారి నడచెనా, ఆనాటికి దాని పని ముగిసినట్లే. మేస్త్రి మన పనిముట్టును కొనిపోయి, వదులైన పిడి బిగించి, వాదర పెట్టి తెచ్చుట మేము పలుమారులు చూచినాము. ఆయన పనిముట్టును పుచ్చుకొని అట్లు తిరిగి యిచ్చు గృహస్థు మాకింకను తటస్థపడలేదు.

చట్టముకూడ ఈ మర్మము నెరుగును. 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారము, బాకీకి డిక్రీ పొందినవాడు ఋణస్థుని ఆస్తిని జప్తు చేయింపవచ్చును గాని, వృత్తిపనివాని పనిముట్లను జప్తు చేయింపరాదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకల సరసన వానిని నిలిపినారు. న్యాయస్థానము ముట్టజాలని రంపమును ప్రక్కింటివారు "ఒక్క నిమిషము" అని అవలీలగా పట్టుకొని పోవుదురు.

పనివాడు వట్టి చేతులతో వచ్చుటకు సోమరితనమే కారణమని తీర్పు చెప్పరాదు. కిక్కిరిసిన బస్సులో గునపముతో ఎక్కుట యెట్లు? కట్టడముకడ రాత్రి విడిచిన పనిముట్టు తెల్లవారునప్పటికి అక్కడ నుండునా? ఒక పనికని పిలిచి, వచ్చిన తరువాత మరియొక పని చెప్పునదియు మనమే.

ఇంతకంటె కఠినమైన కారణమొకటి కలదు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలై పనులు నిలిచిపోయినప్పుడు, మేమెరిగిన తెలుగు వడ్రంగి యొకరు మొదట కరెంటు డ్రిల్లును, పిదప చిత్రికను, ఆ పిదప రంపములను ఒక్కొక్కటిగా అమ్మి ఇల్లు గడిపినారు. ఉలుల సంచి మాత్రము అమ్మలేదు. పనులు మరల దొరకినప్పుడు, పిలిచిన యింటనే రంపమడుగవలసి వచ్చినది. "వడ్రంగికి రంపము లేదట!" అని ఆ యింటివారు నవ్విరి. నాడు తండ్రివెంట పోయి కొయ్య పట్టుకొని నిలిచిన పిల్ల మన పాఠశాలలో చదివినది. బడులు తెరచిన పిదప, తండ్రి వృత్తిని గూర్చి వ్యాసము వ్రాయుమన్నప్పుడు ఆమె కాగితమును తెల్లగా విడిచినది. మనలో పలువురి తాతలు పనిముట్ల సంచి భుజమున వేసికొని ఈ పట్టణమునకు వచ్చినవారే గదా. ఆ తెల్లకాగితము సంగతి విన్ననాటినుండి స్పానరు హాస్యము మాకు వెనుకటంత రుచించుట లేదు.

కావున సంఘము పక్షమున మిమ్ము ఒకటి కోరుచున్నాము. మీ బిస్కత్తు డబ్బాలలో నిద్రించుచున్న సుత్తి, రంపము, మూలమట్టము, పట్టకారు, స్పానరు ఏదైనను పాఠశాలకు ఒసగుడు. గ్రంథాలయము ప్రక్క అలమారలో వానినుంచి, వృత్తిపనులు చేసికొను తల్లిదండ్రులకు రుసుము లేక ఎరవీయవలెనని సంఘము ఉద్దేశము. లెక్కపుస్తకమును ఎనిమిదవ తరగతి పిల్లలు తెలుగున వ్రాయుదురు. పనిముట్టు పేరు, కొనిపోయిన తేది, తిరిగి యిచ్చు తేది అని మూడు గడులుండును. మూడవ గడిలో "తాపీగా" అని వ్రాసిన అంగీకరింపబడదు. ఉలులు మాత్రము సేకరింపదలచలేదు. సలహా యడిగిన మేస్త్రులే వద్దనినారు. వచ్చు శనివారము మొదలు కార్యాలయమున పనిముట్లు పుచ్చుకొందురు. వానిని సరిచూచి, పిడులు బిగించుటకు ఇద్దరు మేస్త్రులు ఒప్పుకొన్నారు.