అవయవదానము - ధర్మసీమ



2004వ సంవత్సరము డిసెంబరు మాసమున, హైదరాబాదునందు కండరములు క్షీణించు వ్యాధిచే ప్రాణసంకటముననున్న యువకుడొకడు, తాను మరణింపకమున్నే తన యవయవములను పరులకు దానము చేయనిండని కోరెను. తల్లి యా కోరికను హైకోర్టునకు విన్నవించెను. మెదడు మృతినొందిన పిదపగాని యవయవములు గైకొనుటకు 1994 నాటి చట్టము సమ్మతింపదని కోర్టు నిరాకరించెను. ఆ మాసముననే యతడు కన్నుమూసెను.

ఎముకలనిచ్చిన దధీచిని కొనియాడు మనకీ తీర్పు కఠినముగా దోచవచ్చును. ఇందు కథోలిక నీతిశాస్త్రమేమనును? మరణానంతరము అవయవములనిచ్చుట పుణ్యకార్యమనియే దాని మతము. అయినను, మేలు గలుగుటకై కీడు చేయరాదను పౌలుని బోధ దానికి మూలసూత్రము. అవయవములకై ప్రాణము దీయుట, దాత కోరినను, వధయే యగును.

అట్లని శ్వాసను బలిమిమై నిలుపవలెననియు నది విధింపదు. రోగికిగాని తనవారికిగాని దుర్భరమగు అసాధారణ చికిత్స విధి కాదని పన్నెండవ పయస్ పోపుగారు 1957లో వైద్యులకు దెల్పిరి. మన సుప్రీముకోర్టును 2018లో, నిబంధనలకు లోబడి, అట్టి చికిత్సావిరమణకు సమ్మతించినది. చావును రానిచ్చుట వేఱు; చంపుట వేఱు.

గ్రామపెద్దలారా, రోగశయ్యకడ బంధువులు మీ మాటకై యెదురుచూతురు. అపుడు చికిత్స భారమైనదా యని విచారింపుడు. మనిషి భారమైనాడా యని మాత్రము విచారింపకుడు. నొప్పికి మందును, చెంత నొక తోడును కడదాక మానరాదు.

సెలవు.