ఇరవయ్యేళ్లకు ఏం చేసుకోగలడు?

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, ఫిజియోథెరపిస్టు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఇందాకటి నుంచి అందరూ తమ బ్యాచ్‌లో పైకొచ్చినవాళ్లను తలుచుకున్నారు. నేను ఈ బడిలో చేరలేకపోయిన ఒకణ్ణి తలుచుకుంటాను. ఎలిమెంటరీ బడిలో నా పక్కన కూర్చునేవాడు. కాళ్లు బిగుసుకుపోయి ఉండేవి, మాట ముద్దగా వచ్చేది. వాళ్లమ్మ చంకనేసుకొచ్చి దించేది. మార్కాపురం పలక మీద వాడు ఒక లెక్క చేసేలోగా మేం మూడు చేసేవాళ్లం. వాడి లెక్క మాత్రం తప్పేది కాదు. ఐదో తరగతి అయ్యేసరికి అమ్మ మోయలేనంత పెరిగాడు. హైస్కూలు మెట్లు ఎక్కించే దిక్కు లేక ఇంట్లోనే ఆగిపోయాడు. ఊళ్లో అందరూ పోలియో అనేవారు. అది సెరిబ్రల్ పాల్సీ అని నాకు కాలేజీలో చేరాక గాని తెలియలేదు.

పుట్టకముందో, కాన్పులోనో, పసితనంలోనో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల ఇది వస్తుంది. ఆ దెబ్బ పెరగదు, పిల్లవాడు పెరుగుతాడు. చిక్కంతా అక్కడే. ఎముక సాగినంతగా బిగుసుకున్న కండరం సాగదు. ఒంటి బరువు పెరిగినంతగా బలం పెరగదు.

కదలికను బట్టి ఈ పిల్లలను ఐదు స్థాయిలుగా చూసే పద్ధతిని 1997లో కెనడాలో రూపొందించారు. మొదటి స్థాయివాళ్లు మెట్లు కూడా ఎక్కగలరు. మూడో స్థాయివాళ్లకు చేతికర్రో వాకరో కావాలి. ఐదో స్థాయివాళ్లను కుర్చీబండిలో వేరొకరు తిప్పాలి. మూడు నుంచి ఐదు స్థాయిల పిల్లల్లో చాలామంది బాల్యంలో సాధించిన కదలికలో కొంత యవ్వనానికి వచ్చేసరికి పోగొట్టుకుంటున్నారని 2009లో అక్కడి పరిశోధకులే చూపించారు. మన దగ్గర ఆ వయసులోనే బడి ఆగుతుంది, వ్యాయామమూ ఆగుతుంది.

నా చదువు ముగించుకొని ఊరికొచ్చేసరికి, గోడ పట్టుకొని నిలబడే నా స్నేహితుడికి లేచి కూర్చోవడానికే మనిషి సాయం కావాల్సి వచ్చింది. అయినా వాళ్ల అంగడి బాకీలన్నీ నోటిలెక్కనే చెప్పేవాడు.

తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి మాట, ‘నడుస్తాడా సార్?’ అని. ఇరవయ్యేళ్లకు తన అన్నం తాను తినగలడా, దొడ్డికి తానే వెళ్లగలడా, తన మాట నలుగురికీ అర్థమయ్యేలా చెప్పగలడా, నాలుగు రూపాయలు సంపాదించుకోగలడా అని కూడా అడగమంటాను. నడక రాకపోయినా ఇవి చాలామందికి వస్తాయి. అందుకు కుర్చీబండి, మంచి బల్ల, బొమ్మల పలక వంటివి కావాలి. అన్నిటికంటే ముందు బడి కావాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం సెరిబ్రల్ పాల్సీని గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుణ్ణి, అదనపు సమయాన్ని అడగవచ్చు. అయ్యవార్లు ఈ సంగతి పిల్లల తల్లులకు చెప్పాలి.

స్వర్ణోత్సవానికి గుర్తుగా ఆర్చి కడదామన్న మాట కమిటీలో వచ్చింది. నాదొక మనవి. ఆర్చి కంటే ముందు ర్యాంపు కడదాం. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉండాలి. పక్కనే పట్టుకొమ్మలతో, కుర్చీబండి తిరిగేంత వెడల్పుతో ఒక మరుగుదొడ్డి ఉండాలి. నా వంతు చందా ఈ రోజే రాయిస్తున్నాను.

మళ్లీ మనం ఇలా కలిసేనాటికి, ఆ ర్యాంపు మీదుగా వచ్చి చదువుకున్న పూర్వ విద్యార్థి ఒకరు ఈ మైకు ముందు మాట్లాడాలి. సెలవు.