అండమాన్ జ్వరం నేర్పిన పాఠం

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ వరి పొలాలకు పేరుపొందిన ప్రాంతం. దేశవిభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు ఇక్కడ అడవిని పొలంగా మార్చుకొని స్థిరపడ్డారు. తెలుగు, తమిళం, మలయాళం మాట్లాడే కుటుంబాలు కూడా ఈ ద్వీపాలలో జీవనం సాగిస్తున్నాయి. వీరందరినీ సమానంగా భయపెట్టిన ఒక వ్యాధి కథ విద్యార్థులు తెలుసుకోదగినది.

1988 నుంచి వర్షాకాలం ముగిసే రోజులలో ఈ ద్వీపాలలో ఒక జ్వరం వ్యాపించసాగింది. హఠాత్తుగా తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వచ్చేవి. కొందరికి కొద్ది రోజులకే దగ్గుతోపాటు రక్తం పడేది. ఊపిరాడక మరణించినవారూ ఉన్నారు. కారణం తెలియక వైద్యులు దానిని 'అండమాన్ రక్తస్రావ జ్వరం' అని పిలిచారు.

భారత వైద్య పరిశోధన మండలి 1983లో పోర్ట్ బ్లెయిర్‌లో ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. 2024లో ఆ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 1993లో డిగ్లీపూర్‌లో జ్వరం మళ్లీ చెలరేగినప్పుడు ఈ కేంద్రం శాస్త్రజ్ఞులు రోగుల రక్తాన్ని పరీక్షించి, అది లెప్టోస్పైరోసిస్ అని నిర్ధారించారు. ఇది ద్వీపాలకు కొత్త వ్యాధి కాదు. అండమాన్‌లో దీనిపై టేలర్, గోయల్ అనే వైద్యుల పరిశోధన 1931లోనే ప్రచురితమైంది. ఈ వ్యాధి అనగానే వైద్యులకు ముందుగా స్ఫురించేది పచ్చకామెర్లు. ఇక్కడ దెబ్బతిన్నది ముఖ్యంగా ఊపిరితిత్తులు కావడంతో గుర్తింపు కష్టమైంది. 1995లో నికరాగువాలో భారీ వర్షాల అనంతరం ఇట్టి జ్వరమే వచ్చినప్పుడు, అక్కడ కూడా మొదట డెంగ్యూ అనే అనుమానించారు.

ఎలుకలు, పశువుల మూత్రంతో ఈ సూక్ష్మజీవులు నీటిలోను, బురదలోను చేరుతాయి. పొలంలో పనిచేసేవారి కాళ్ల పగుళ్లు, గాయాల ద్వారా శరీరంలో ప్రవేశిస్తాయి. వ్యాధి ముదిరినప్పుడు ఊపిరితిత్తులలోని రక్తకేశనాళికలు దెబ్బతిని, వాయుగోణులనే సూక్ష్మమైన గాలి తిత్తులలోకి రక్తం స్రవిస్తుంది. ఇట్టి స్థితిలో ప్రాణాపాయం రక్తనష్టం వలన కంటె, గాలి చేరవలసిన చోట రక్తం నిండి శ్వాస ఆగిపోవడం వలన ఎక్కువగా కలుగుతుంది.

దగ్గులో అధికంగా రక్తం పడడానికి క్షయ, శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పై చెడిపోవడం, ఊపిరితిత్తుల కాన్సర్ వంటి కారణాలు కూడా ఉన్నాయి. ఇట్టి వ్యాధులలో రక్తం సాధారణంగా ఒకే చోట నుంచి వస్తుంది. అందుచేత రోగిని రక్తస్రావం ఉన్న ఊపిరితిత్తి వైపుకు ఒత్తిగిలి పడుకోబెడతారు. అప్పుడు రెండవ ఊపిరితిత్తి రక్షింపబడుతుంది. రక్తం కారే ధమనిని లోపలి నుంచే మూసివేసే చికిత్స కూడా ఉన్నది. లెప్టోస్పైరోసిస్‌లో రక్తస్రావం రెండు ఊపిరితిత్తులలోను వ్యాపిస్తుంది. కావున ప్రాణవాయువు అందించడం, అవసరమైతే కృత్రిమ శ్వాసయంత్రం అమర్చడం, పెనిసిలిన్ లేదా సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులు ఇవ్వడం ముఖ్యం. వ్యాధి తేలికగా ఉన్న దశలో డాక్సీసైక్లిన్ మాత్రలు పనిచేస్తాయి.

ఉత్తర అండమాన్‌లో 782 మందిపై ఒక పరిశోధన జరిపి, దాని ఫలితాలను 2000లో ప్రకటించారు. వారానికొకసారి ఇచ్చిన డాక్సీసైక్లిన్ సూక్ష్మజీవి ప్రవేశాన్ని ఆపలేకపోయినా, జబ్బుపడేవారి సంఖ్యను తగ్గించింది. ఈ మందును వైద్యుల సలహాపైననే వాడవలెను.

రక్తం పడిన తరువాత చేసే చికిత్స కష్టమైనది, అన్ని గ్రామాలకు అందుబాటులో లేనిది. జ్వరం వచ్చిన మొదటి రోజులలో చేసే చికిత్స సులభమైనది, చవకైనది. వానల తరువాత పొలంలో దిగినవారికి జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు కనిపిస్తే ఆరోగ్య కేంద్రానికి వెంటనే వెళ్లవలెను. తాము బురదలో పనిచేసిన సంగతి వైద్యునికి చెప్పవలెను. ఆ ఒక్క మాట ప్రాణాన్ని నిలుపవచ్చు. కాలికి రక్షణ, గాయానికి కట్టు, ఎలుకల నిర్మూలన ఏ భాష మాట్లాడే గ్రామంలోనైనా ఆచరణసాధ్యమైన పనులే. డిగ్లీపూర్ రైతులు ప్రాణాలు పోగొట్టుకొని నేర్పిన ఈ పాఠం వరి పండే ప్రతి సీమకు వర్తిస్తుంది.