పడవ వైపర్ల సంరక్షణ – మన హక్కు, మన బాధ్యత

(సిప్పీఘాట్ కార్యకర్తల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశములో భద్రతను గురించి మాట్లాడవలసినదిగా మమ్ములను కోరినారు. భద్రత అనగానే పెద్ద పెద్ద మాటలు చెప్పుట మనకు అలవాటు. ఈనాడు మేము ఒక చిన్న వస్తువును గురించి మాత్రమే మాట్లాడదలచినాము. అది పడవ ముందు అద్దము మీద తిరిగే వైపర్. రైల్వే, తపాలా ఉద్యోగులకు పడవ వైపర్‌తో ఏమి పని అని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. దానికి ముందుగా సమాధానము చెప్పవలసి ఉన్నది.

ఈ అండమాన్, నికోబార్ దీవులలో ప్రయాణికుల రైలు మార్గము లేదు. ఒక దీవి నుండి మరొక దీవికి మనిషి పోవలెనన్నా, సరుకు పోవలెనన్నా ప్రధానముగా నౌకయో పడవయో దిక్కు. తపాలా సంచి కూడ ఆ నీటిదారినే ఆశ్రయిస్తున్నది. దేశము నడిబొడ్డున రైలు చేసే పనిని ఇక్కడ పడవ చేస్తున్నది. అక్కడ ఇంజనులో లోకో పైలట్‌ది ఏ స్థానమో, ఇక్కడ చుక్కాని వద్ద సరంగుది అదే స్థానము. ఇద్దరి ముందూ ఒక అద్దము, దాని మీద ఒక రబ్బరు పట్టీ. వెనుక కూర్చున్న జనము ప్రాణములు ఆ రబ్బరు తుడిచినంత మేరకు కనిపించే దారి మీద ఆధారపడి ఉన్నవి. అంతే కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖ తీరముల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు ఎన్నో. ఈ పడవలు ఎక్కేవారిలోనూ, నడిపేవారిలోనూ మనవారున్నారు.

వాన, ఉప్పు, ఎండ

ఈ దీవులలో సాలుకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురుస్తుంది. మే నెలలో నైరుతి ఋతుపవనము అడుగు పెడుతుంది. అది వెనుకకు మళ్లిన పిమ్మట ఈశాన్య ఋతుపవనము అందుకొని డిసెంబరు వరకు సాగుతుంది. అనగా సంవత్సరములో ఇంచుమించు ఎనిమిది నెలలు వైపర్‌కు పని ఉన్నది. మిగిలిన నాలుగు నెలలు ఎండలో మాడుతుంది. రెండు కాలములలోనూ ఉప్పు మాత్రము దానిని విడువదు.

ఉప్పు ఏమి చేయగలదో సిప్పీఘాట్ ప్రజలకు మరొకరు చెప్పనక్కరలేదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపములో దక్షిణ అండమాన్ నేల కుంగినది. సునామీతో వచ్చిన సముద్రపు నీరు ఇక్కడి సాగు భూములలో నిలిచిపోయినది. ఒకనాడు పంట పండిన మళ్లు ఈనాడు పక్షులు వాలే చిత్తడి నేలలైనవి. పొలమునే మింగిన ఉప్పుకు ఒక ఇనుప మర, ఒక రాగి తీగ లెక్కలోనివా?

అలల తుంపర అద్దము మీద పడి ఆరిపోగా సన్నని ఉప్పు పలుకులు మిగులుతవి. పొడి అద్దము మీద వైపర్ వేయగానే ఆ పలుకులు రబ్బరు క్రింద గరుకు కాగితము వలె పని చేస్తవి. రబ్బరు అంచు చిట్లుతుంది, అద్దము మీద గీతలు పడుతవి. పగటివేళ ఆ గీతలు కనిపించవు. రాత్రివేళ జెట్టీ దీపము ఎదురైనప్పుడు ప్రతి గీతా వెలుగును చెదరగొట్టి సరంగు కన్ను చెదిరేటట్లు చేస్తుంది.

ఒక ట్రాము కార్మికుని కష్టము నుండి

వైపర్ పుట్టుక కూడ కార్మికుని కష్టముతోనే ముడివడి ఉన్నది. అమెరికాలోని అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ అనే మహిళ న్యూయార్కు నగరములో ట్రాము బండి ఎక్కినది. మంచుతో కలిసిన వానలో దారి కనిపించక డ్రైవరు పడే అవస్థను చూచినది. లోపలి నుండి చేతితో త్రిప్పే మీటకు రబ్బరు పట్టీని అమర్చి, 1903 నవంబరు 10న దానిపై పేటెంటు పొందినది. అనగా ఈ పరికరము యజమాని సుఖము కొరకు పుట్టినది కాదు, బండి నడిపేవాని చూపు కొరకు పుట్టినది. పెద్ద నౌకలలో గిరగిర తిరిగే గుండ్రని అద్దమును కూడ అమర్చుతారు. దాని మీద పడిన నీరు ఆ వేగానికి అంచుల వైపు చిమ్మబడుతుంది. చిన్న పడవకు మాత్రము వైపరే ఆధారము.

చేయవలసిన పని

కామ్రేడ్లారా, ఇప్పుడు పని విషయమునకు వద్దాము.

మొదటిది, మంచినీరు. ప్రతి ప్రయాణము ముగిసిన వెంటనే అద్దమును, రబ్బరును, వైపర్ ఆర్మును మంచినీటితో కడుగవలెను. పేరుకొన్న ఉప్పు మరకకు వెనిగర్ కలిపిన నీరు వాడి, తరువాత మరల మంచినీటితో కడుగవలెను. కిరోసిను, పెట్రోలు, డీజిలు గుడ్డతో రబ్బరును తుడువరాదు. రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడగును.

రెండవది, పొడి అద్దము మీద వైపర్ వేయరాదు. ముందు నీరు పోయవలెను, తరువాతనే మీట నొక్కవలెను. అద్దము మీదికి నీరు చిమ్మే చిన్న తొట్టి, గొట్టము ఉన్నచో మరీ మంచిది. పడవ చాలాదినములు కట్టివేసి ఉంచినప్పుడు రబ్బరు అద్దమునకు అంటుకొనకుండ ఎత్తి ఉంచి, ఎండ తగులకుండ గుడ్డ కప్పవలెను.

మూడవది, స్పిండిల్. క్యాబిన్ గోడ నుండి బయటకు వచ్చే ఆ ఇరుసు వద్ద సీలు చెడినచో నీరు ఇరుసు వెంబడి మోటారులోనికి దిగుతుంది. సీలును పరీక్షించి, నీటికి కరుగని గ్రీజు పెట్టవలెను. అల్యూమినియము క్యాబినుకు స్టెయిన్‌లెస్ స్టీలు భాగములు బిగించిన చోట రెండు లోహముల మధ్య ప్లాస్టిక్ వాషరు ఉండవలెను. లేనిచో ఉప్పునీరు తగిలి అల్యూమినియము తినివేయబడుతుంది.

నాలుగవది, విద్యుత్తు. పడవలో 12 లేక 24 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. తీగ కొనలకు పచ్చని చిలుము పట్టినచో మోటారుకు చేరే వోల్టేజి తగ్గి వైపర్ ఈడ్చుకొని తిరుగుతుంది. బ్యాటరీ కలయికను విడదీసి, కొనలను శుభ్రపరచి, వేసలీను పూసి గట్టిగా బిగించవలెను. ఫ్యూజు మాటిమాటికీ కాలుచున్నచో పెద్ద ఫ్యూజు వేయుట పరిష్కారము కాదు. ఎక్కడో ఇరుసు బిగిసినదనియో, తీగ తాకుచున్నదనియో గ్రహించవలెను. దొరికినది కదా అని పొడవైన బ్లేడు తగిలించినను మోటారుపై అదే భారము పడుతుంది.

వైపర్ తన రోగమును తానే చెప్పును. సన్నని నీటి చారలు మిగిలినచో రబ్బరు అంచు చిట్లినది. అద్దమంతా మసకబారినచో డీజిలు పొగ జిడ్డు పట్టినది, సబ్బు నీరు కావలెను. గడగడలాడుచు ఎగిరి పడినచో ఆర్ము వంగినది, లేక రబ్బరు గట్టిపడినది. నడుమ ఒక చోట తుడువక వదలినచో స్ప్రింగు పట్టు తగ్గినది. ఏది ఏమైనను మే నెలకు ముందు క్రొత్త రబ్బరు వేయుట మంచి పద్ధతి. జెట్టీ విడుచుటకు ముందు బకెట్టు నీరు పోసి రెండు నిమిషములు త్రిప్పి చూచుట అంతకన్న మంచి పద్ధతి.

నియమము ఏమి చెప్పుచున్నది

1972లో రూపొంది 1977 జూలై 15 నుండి అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ నౌకా సంఘర్షణ నివారణ నియమములు ఉన్నవి. వాటిలో 5వ నియమము ప్రకారము ప్రతి నౌకా ఎల్లవేళలా కంటితోను చెవితోను తగిన కావలి ఉంచవలెను. 6వ నియమము సురక్షిత వేగమును నిర్ణయించుటలో మొట్టమొదట చూడవలసినది దృశ్యతయే అని చెప్పుచున్నది. జోరువాన వలన చూపు ఆనని స్థితిని ఆ నియమములు ప్రత్యేకముగా పేర్కొన్నవి. అట్టి స్థితిలో వైపర్ ఆగిపోయినచో వేగము తగ్గించవలెను, ఒకరిని బయట కావలి నిలుపవలెను. 12 మీటర్లు, అంతకు మించిన మోటారు పడవ నీటిపై సాగుచున్నప్పుడు రెండు నిమిషములకు మించని వ్యవధిలో దీర్ఘమైన కూత వేయవలెను. దగ్గరలోనున్న జెట్టీకి చేరి, అది బాగుపడువరకు బయలుదేరరాదు.

రైల్వే సోదరులకు ఈ మాట క్రొత్త కాదు. సిగ్నలును చూచి లోకో పైలట్, సహాయ పైలట్ ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకొనుట మన నియమము. అద్దము మసకబారినచో ఆ నియమము ఎట్లు పాటించబడును? గాలి ఒత్తిడితో తిరిగే ఇంజను వైపర్లలోనూ గొట్టములలో తేమ చేరినచో ఇదే బాధ. 1974 మే 8న ఆరంభమైన రైల్వే సమ్మెలో పని గంటల కోరిక ముఖ్యమైనది. అలసిన కన్ను ఎంత ప్రమాదమో మసకబారిన అద్దము కూడ అంతే ప్రమాదము. తపాలా మోటారు బండి నడిపే సోదరులకూ ఇది వర్తించును.

మన కోరికలు

రబ్బరు కడుగుట, గ్రీజు పెట్టుట కార్మికుని చేతిలోని పని. దానిని మనము శ్రద్ధగా చేయవలెను. కాని కడుగుటకు జెట్టీ మీద మంచినీటి కొళాయి లేనిచోట, మార్చుటకు క్రొత్త బ్లేడు స్టోరులో లేనిచోట, శ్రద్ధ ఒక్కటే ఏమి చేయగలదు? మేము తిరిగిన జెట్టీలలో ఒకచోట అరిగిన రబ్బరుకు గుడ్డపేలిక చుట్టి నడుపుచుండగా చూచినాము. అడిగినచో ఇండెంటు పంపినామనియే జవాబు. ప్రమాదము జరిగిన నాడు విచారణలో మొదటి ప్రశ్న సరంగునకే వచ్చును: నీవు ఎందుకు చూడలేదు? చూచుటకు తగిన సాధనము నీకు ఇచ్చినారా అని అడిగేవారు అరుదు.

కావున మన కోరికలు నాలుగు. ప్రతి పడవలోను ఒక జత అదనపు బ్లేడ్లు, ఫ్యూజులు ఉండవలెను. ప్రతి జెట్టీలోను కడుగుటకు మంచినీరు ఉండవలెను. ప్రయాణమునకు, ప్రయాణమునకు మధ్య ఈ పనికి కేటాయించిన సమయము డ్యూటీగా లెక్కింపబడవలెను. వైపర్ పనిచేయని పడవను వానలో తీయను అని చెప్పిన సరంగుపై ఎట్టి చర్యయు ఉండరాదు.

ఈ కోరికలకు బలము మన పుస్తకములోనే ఉన్నది. లోపము కనిపించిన దినమే లాగ్ పుస్తకములో తేదీతో, వేళతో వ్రాయండి. బాగుచేయని ప్రతి దినమూ మరల వ్రాయండి. నోటిమాట గాలిలో కలిసిపోవును. తేదీతో వ్రాసిన వాక్యము విచారణ బల్ల మీద నిలబడును. పని తెలిసిన కార్మికుడు, పని వ్రాసిపెట్టిన కార్మికుడు అడిగిన దానిని కాదనుట ఏ అధికారికైనను కష్టము.

రానున్న మే నెలకు ముందే ప్రతి శాఖయు తన పరిధిలోని పడవల, ఇంజనుల, తపాలా బండ్ల వైపర్లను పరీక్షించి, లోపముల జాబితాను ఫెడరేషన్ కార్యాలయమునకు పంపవలెనని కోరుచున్నాము. ఆ జాబితాలతోనే మేము చర్చలకు కూర్చుండెదము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!