చెంచా మన చేతిలోనే ఉంది



పిల్లవాడికి పొద్దుటి నుంచి నాలుగైదుసార్లు విరేచనాలయ్యాయనుకోండి. మన ఇళ్లల్లో ఏం జరుగుతుంది? "పాలు ఆపెయ్యమ్మా, కడుపుకి విశ్రాంతి కావాలి" అంటారు అత్తగారు. "బాటిల్ ఎక్కిస్తేగాని తగ్గదు" అంటారు పక్కింటి పిన్నిగారు. విరేచనాలు కట్టే మాత్ర తెస్తానంటూ చెప్పులు వేసుకుంటారు మీవారు. ముగ్గురిదీ ప్రేమే. కాని ఈ హడావిడిలో పిల్లవాడి నోట్లో నాలుగు చెంచాల నీళ్లు పోసేవారే ఉండరు. ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోంచి నీరూ, లవణాలూ పోవడమే కదా!

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లను రోగుల బంధువుల చేతనే తాగించారు. అంతకుముందు నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 కంటే తక్కువకు దిగిపోయాయి!

తర్వాత ఎన్నో పరీక్షలు జరిగాయి. 2002లో లవణాల పాళ్లు సవరించారు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి, దీనితోబాటు జింకు కూడా ఇమ్మన్నాయి. మరి ఆచరణ మాటేమిటి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, విరేచనాలు పట్టిన అయిదేళ్లలోపు పిల్లల్లో ఓ.ఆర్.ఎస్. అందింది నూటికి సుమారు 61 మందికే. జింకు అందింది సుమారు 30 మందికే. తేల్చడం ఒక ఎత్తు, ఇంట్లో అమలుచెయ్యడం మరో ఎత్తు.

పొట్లం మీద ఎంత నీరు రాసి ఉంటే అంత నీటిలో, కాచి చల్లార్చాక, పొట్లమంతా ఒకేసారి కలపండి. సగం పొట్లం, అరగ్లాసు లెక్కలు వద్దు. విరేచనమైనప్పుడల్లా రెండేళ్లలోపు వారికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్దపిల్లలకు 100 నుంచి 200 పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, చెంచాతో నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి. 24 గంటలు దాటితే పారబొయ్యండి. తల్లిపాలూ, తిండీ ఆపకండి. జింకు డాక్టరు చెప్పినన్ని రోజులూ వెయ్యండి, విరేచనాలు తగ్గాయని మధ్యలో మానకండి.

పిల్లవాడు మగతగా పడుకున్నా, కళ్లు లోపలికి పోయినా, తాగలేకపోయినా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మరో మాట. ఓ.ఆర్.ఎస్. పేరు తగిలించుకుని తియ్యటి పానీయాలు దుకాణాల్లో అమ్మేవారు. వాటిలో పంచదార ఎక్కువ, లవణాలు తక్కువ. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద పోరాడారు. 2025లో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడరాదన్నది. కనుక డబ్బా మీది బొమ్మ చూసి మోసపోకుండా, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్న పొట్లమే అడిగి తీసుకోండి.

బొంగావ్‌లో ఆ నీళ్లు పట్టినవారు మనలాంటి ఇంటివాళ్లే. ఇవాళే రెండు పొట్లాలు తెచ్చి, చేతికందేచోట పెట్టుకోండి. సెలవు.