పాలబండి తెల్లవారుజామున ఎందుకు లాగదు?

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ధనుర్మాసం వచ్చిందంటే పాలబండి లాగడం లేదని ఫిర్యాదులు మొదలవుతాయి. బండి ఆలస్యమైతే, కూలరు లేని సంఘాల క్యాన్లలో పాలు పొద్దెక్కేకొద్దీ పులుపెక్కుతాయి. ధరలో కోత పడేది డ్రైవరుకు కాదు, రెండు గేదెల ఆసామికి.

చలికి డీజిలు గడ్డకట్టిందని డ్రైవరు అంటాడు. శీతాకాలపు డీజిలు 6 డిగ్రీల చలి దాకా ఫిల్టరులోంచి దిగాలని ప్రభుత్వ ప్రమాణం. బాపట్లలో అంత చలి ఎవరు చూశారు? అది లడఖ్ వైపు మాట.

మన దగ్గర దోషం ఎక్కువగా నీటిది. సగం ఖాళీ ట్యాంకులో గాలిలోని తేమ రాత్రి చల్లదనానికి చెమర్చి అడుగున చేరుతుంది. అందుకే డీజిలు సాయంత్రమే నిండుగా పోయించాలి. ఉదయం బండి కదిలించకముందే ఫిల్టరు కింది స్క్రూ వదులు చేసి, నీరంతా పోయేదాకా వదలాలి.

తరువాత పొగ చూడండి. నల్లపొగ కక్కుతూ లాగకపోతే ముందు ఎయిర్ క్లీనరు విప్పండి. నూర్పిళ్ల రోజుల్లో గడ్డి దుమ్ము దాన్ని పూడ్చేస్తుంది. పొగ లేకుండానే నీరసిస్తే డీజిలు అందడం లేదన్నమాట: ఫిల్టరు పూడి ఉండాలి, లేదా పైపు బిగింపుల దగ్గర గాలి పీలుస్తుండాలి. పాత బండ్లకు చేతిపంపుతో గాలి తీయవచ్చు. కామన్ రైలు బండ్ల పైపులను మాత్రం ఎవరూ ముట్టకండి. ఆ పీడనానికి డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది.

కిరసనాయిలు కలపడం, ట్యాంకు కింద ఎండుగడ్డి మంట వేయడం రెండూ వద్దు. మొదటిదానితో పంపు అరుగుతుంది. రెండోదాని సంగతి చెప్పనక్కరలేదు.

కార్యదర్శులు ఫిల్టరు మార్చిన తేదీ, కిలోమీటర్లు పుస్తకంలో రాయించండి. బాడుగ బండి అయితే ఒప్పందంలోనే ఈ షరతు పెట్టించండి.